చర్చావేదికలో ఎర్రకలం

నా ఉద్యోగం పేరు ప్రూఫ్ రీడరు. అమలాపురంలో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. ఏ బడిలోనూ ఒక్కరోజు పాఠం చెప్పకపోయినా అందరికీ నేను ప్రూఫు మేష్టారినే. ఈ మధ్య మా వీధిలో అమ్మాయికి ఒక వెబ్‌సైటులో ఉద్యోగం వచ్చింది. పాఠకులు రాసే అభిప్రాయాలు చదివి సైటులో పెట్టాలట. ఫోన్ చేసి, "తప్పులున్నవి దిద్దాలాండీ, వదిలేయాలాండీ?" అని అడిగింది. చిన్న ప్రశ్నే గానీ, నోటితో చెప్పబోయి తడబడ్డాను. రాసి ఇస్తానన్నాను. జీతాలు, సెలవులు, నాకు రాని ప్రమోషన్లు ఇందులో ఉండవు. నేను చేసిన ఒక ఘోరమైన పొరపాటు, అది ఎలాగో గట్టెక్కిన తీరు ఉంటాయి.

దిద్దినవాడు కనపడకూడదు

తొంభైల్లో నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను. యజమానిని అందరూ రాజుగారు అనేవారు. ఆయనకు భాష మీద పెద్ద పట్టింపు లేదు, గిరాకీ మీద ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, కొబ్బరి వ్యాపారుల బిల్లు పుస్తకాలు, అప్పనపల్లి వెళ్ళే యాత్రికుల కోసం చిన్న చిన్న పుస్తకాలు మా దగ్గర అచ్చయ్యేవి. అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్ళేవి.

అక్షరం తప్పు పోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక రైతు పట్టా పుస్తకం పోయిందని పత్రికా ప్రకటన వేయించుకుంటే, అందులో సర్వే నంబరు అంకెలు అటూ ఇటూ అయినా నేను చూడలేదు. పాపం ఆయన ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. సగం రోజులు నేనూ ఆయన వెంట తిరిగాను. ఆ తర్వాత నా చూపు మరీ పదునెక్కింది. హోటల్లో కూర్చుంటే ఇడ్లీ చల్లారిపోయేది, నేను మాత్రం గోడ మీద ధరల పట్టికలో తప్పులు లెక్కపెడుతూ ఉండేవాణ్ణి. మా ఆవిడ నాతో బయటికి రావడం మానేసింది.

మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. దిద్దినవాడు కనపడకూడదు. ఒక సర్పంచిగారు తన ప్రసంగం అచ్చు వేయించుకోవడానికి నాలుగు పేజీలు తెచ్చారు. అందులో ఆయన మాట ఒక్కటీ మిగలకుండా మొత్తం తిరగరాశాను. సభ అయ్యాక ఆయన ప్రెస్‌కి వచ్చి, "చప్పట్లు ఆగలేదండి మేష్టారూ. రాత్రంతా కూర్చుని నేనే రాసేను" అన్నారు. "మీ చెయ్యి మంచిదండి" అన్నాను నేను. తానే రాసుకున్నానని ఆయన నిజంగానే అనుకుంటున్నారు. అలా అనుకోనివ్వడమే మా పని. నేను ఆ ఊరు వాళ్ళ చేత, ఈ ఊరు వాళ్ళ చేత ఎన్ని మంచి వాక్యాలు "రాయించానో" తలుచుకుని చాలా ఏళ్ళు లోలోపల మురిసిపోయాను.

మేడ మీద కంప్యూటర్లు

రెండువేలు దాటాక ప్రెస్‌కి పని తగ్గింది. రాజుగారు మేడ మీద నెట్ సెంటరు పెట్టారు. దానితో పాటు గల్ఫ్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న కోనసీమ వాళ్ళు మాట్లాడుకోవడానికి ఒక చర్చావేదిక తెరిచారు. "మేష్టారూ, ఇంక మీరు మేడెక్కాలండి" అన్నారు. ఎక్కాను.

అప్పట్లో తెలుగు అక్షరాలు కొట్టడం చాలామందికి వచ్చేది కాదు. వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి మెయిల్ పంపితే, నేను తెలుగు లిపిలోకి మార్చి వేదిక మీద పెట్టేవాణ్ణి. గల్ఫ్‌లో చాలా కంప్యూటర్లలో మన అక్షరాలు డబ్బాల్లా కనబడేవి. అందుకని ఇక్కడ ఎవరేమన్నారో మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల్లో క్లుప్తంగా వాళ్ళకు పంపేవాణ్ణి. అంటే వాళ్ళ మాట ఇక్కడికి చేరాలన్నా, ఇక్కడి మాట వాళ్ళకు చేరాలన్నా మధ్యలో నేనే. ఆ సంగతి ఎంత పెద్దదో అప్పుడు నాకు తట్టలేదు.

"ఉన్నదున్నట్టు పెట్టేయండి, మనకెందుకు" అన్నారు రాజుగారు. మొదట్లో అలాగే పెట్టాను. చెయ్యి దురద పెడుతున్నా ఓర్చుకున్నాను.

రొయ్యల చెరువుల గొడవ

వేదిక మీద అన్నిటికన్నా వేడిగా సాగిన చర్చ రొయ్యల చెరువులది. చెరువులు తవ్వితే ఊళ్ళు బాగుపడ్డాయని కొందరు, నేల ఉప్పెక్కిపోయిందని కొందరు.

అందులో ఏడుకొండలు అనే ఆయన రాసేవాడు. అల్లవరం దగ్గర ఊరు. పక్క పొలంలో చెరువు తవ్వాక తన నుయ్యి, ముప్పాతిక ఎకరం చేనూ ఉప్పెక్కిపోతే, భార్యనీ తల్లినీ ఇంటి దగ్గర వదిలి మస్కట్ వైపు ఎడారిలో ఒక క్యాంపులో లారీ డ్రైవరుగా చేరాడు. అక్కడ ఫోన్ లేదు. శుక్రవారం సెలవు రోజున ఆఫీసు కంప్యూటరు గంటసేపు వాడుకోనిచ్చేవారు. ఆ గంటలో చెరువుల గురించీ రాసేవాడు, మధ్యమధ్యలో ఇంటి సంగతులూ రాసేవాడు. చుక్కా కామా ఉండేవి కావు. చెప్పిందే రెండుసార్లు చెప్పేవాడు. ప్రతి మాటకీ ఎదురుగా ఎవరో ఊ కొడుతున్నట్టు "ఆయ్" అని పెట్టేవాడు. ఆదివారం నాడు ఆయన భార్య సత్యవతి గారు బస్సెక్కి వచ్చేవారు. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. నేను తెలుగులో ప్రింటు తీసిస్తే మెట్ల మీద కూర్చుని చదువుకుని, జవాబు నా చేత రాయించి వెళ్ళిపోయేవారు.

ఒకసారి ఏడుకొండలు రాసినదానికి హైదరాబాద్ నుంచి ఒకాయన జవాబిచ్చారు. కొత్తపేట వైపు భూములున్న కుటుంబం. అచ్చుకు వెళ్ళే రాతలాగా రాసేవారు. "ముందు తెలుగు సరిగా రాయడం నేర్చుకుని, తర్వాత రొయ్యల సంగతి మాట్లాడండి" అన్నారు. దాని కింద మరో ఆరుగురు చేరి నవ్వారు. ఎవరో ఏడుకొండలు తప్పులన్నీ ఏరి వరసగా పెట్టారు. నుయ్యి ఉప్పెక్కిందా లేదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నిజం చెప్పాలి. నాకు లోపల హాయిగానే అనిపించింది. నేను ఇన్నాళ్ళూ అనలేక ఊరుకున్న మాట ఇంకెవరో అన్నారు కదా అని.

మరుసటి శుక్రవారం ఏడుకొండలు రాశాడు: "ఆయ్ తప్పేనండి నాకు ఏడో తరగతేనండి కానీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నది తప్పు కాదండి." అది చదివాక కాస్త సిగ్గేసింది. ఈయన పరువు నేను కాపాడతాను అనుకున్నాను. ఆ తర్వాతి శుక్రవారం నుంచి ఆయన రాతను సర్పంచిగారి ప్రసంగంలాగే తిరగరాయడం మొదలుపెట్టాను. ఆయ్‌లు పోయాయి. రెండుసార్లు చెప్పినవి ఒక్కసారికి వచ్చాయి. చర్చకు సంబంధం లేని ఇంటి కబుర్లు కొట్టేశాను. మెయిల్ పెట్టెలో చోటు తక్కువ కాబట్టి, పని అయ్యాక అసలు రాతను తీసేసేవాణ్ణి. హైదరాబాద్ ఆయన నోరు మూతపడింది. ఒకరిద్దరు ఏడుకొండలుని మెచ్చుకున్నారు కూడా. నేను మేడ మీద కాలరెగరేసుకుని తిరిగాను.

"ఆయనేనమ్మా"

నేను దిద్దిన మొదటి రాత వచ్చిన ఆదివారం సత్యవతి గారు దాని ప్రింటు తీసుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. కాగితం వెనక్కి తిప్పి చూశారు.

"మేష్టారూ, ఇది మా ఆయనే రాసేరాండీ?"

"ఆయనేనమ్మా. చూశారా, ఎంత బాగా రాస్తున్నారో."

నేను మెప్పు కోసం చూస్తున్నాను. "జవాబు రాయించేదేమైనా ఉందా అమ్మా?" అంటే, "ఏం లేదండి" అని వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారమూ అంతే. ఈసారి అడిగిన మాట వేరు. "ఇందులో ఎవరి చెయ్యీ పడలేదు కదండీ?" అన్నారు. మా వృత్తి మర్యాద నాకు బాగా అలవాటైపోయింది. "ఎవరి చెయ్యి పడుతుందమ్మా, ఆయన రాసిందే" అన్నాను. మూడో ఆదివారం ఆమె కాగితం పూర్తిగా చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నారు. మనిషి చిక్కిపోయి కనిపించారు. ఎండల వల్ల కాబోలు అనుకున్నాను.

గురువారం

ఆ వారంలోనే గురువారం మధ్యాహ్నం ఆమె మేడెక్కి వచ్చారు. ఆమె ఎప్పుడూ ఆదివారం తప్ప రారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేష్టారూ, ఒక్క నిజం చెప్పండి. ఇవి ఎవరు రాస్తన్నారండి?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పుకొచ్చారు. మూడు వారాల కిందట ఓడలరేవు మనిషొకడు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడట. ఆ క్యాంపులో లారీ తిరగబడి మన వైపు వాళ్ళు ఇద్దరు పోయారని, పేర్లు తెలియలేదని చెప్పాడట. రాజోలులో ఏజెంటుని అడిగితే తనకు తెలియదన్నాడు. సరిగ్గా అప్పటినుంచే ఏడుకొండలు రాత మారిపోయింది.

"ఆయన వాళ్ళమ్మ ఎలాగుందని అడక్కుండా నాలుగు ముక్కలు రాయరండి. నన్ను తిట్టకుండా కూడా రాయరు. ఈ కాగితాల్లో అమ్మా లేదు, నేనూ లేను. ఎవరో చదువుకున్నోళ్ళు రాస్తన్నారండి. మాకు తెలీకూడదని కంపెనీవోళ్ళే రాయిస్తన్నారు. జవాబు రాయమంటారు మీరు, ఎవరికి రాయమంటారండి? మా అత్తగారు అన్నం ముట్టి నాలుగు రోజులైంది. పోయేరని మీకు తెలిస్తే చెప్పేయండి. మా ఏడుపు మేం ఏడుస్తాం."

లారీ అన్న మాట నాకు గుర్తుంది. నేను దిద్దడం మొదలుపెట్టిన వారం ఏడుకొండలు రాసిన దాంట్లో ఉంది. లారీ సంగతి విని కంగారు పడకండి, నేను అందులో లేను అని రాశాడు. ఏ లారీయో, దేని సంగతో నాకు తెలియలేదు. రొయ్యల చర్చకు దానితో పని లేదని కొట్టేశాను.

వృత్తి మర్యాద పక్కన పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాసింది ఆయనే అని, దిద్దింది నేనని, తాను బాగున్నానని ఆయన రాస్తే ఆ వాక్యం తీసేసింది కూడా నేనేనని చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూశారు. "ప్రాణంతో ఉన్నానని రాస్తే ఎవరైనా కొట్టేస్తారాండీ మేష్టారూ?" అన్నారు.

ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అబద్ధం చెప్పాను. చూపిద్దామంటే అసలు రాతలు లేవు. నేనే తీసేశాను. రాజుగారు పైకి వచ్చి సంగతి విన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ గట్టిగా ఒక మాట అన్నవారు కాదు. ఆవేళ కూడా అరవలేదు. "ఉన్నదున్నట్టు పెట్టమన్నాను కదండీ" అని ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది. ఇంక ఒక్కటే దారి. రేపు శుక్రవారం. ఆయన నుంచి రాత వస్తే, నేను ముట్టుకోకముందే ఆమె ఎదురుగా తెరవాలి. రాకపోతే ఏమిటన్నది నేను ఆలోచించలేదు, ఆలోచించే ధైర్యం చాలలేదు.

శుక్రవారం

ఆమె మొదటి బస్సుకే వచ్చేశారు. మేడ మీద ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. మా ఆవిడ చేత ఉప్మా తెప్పించి పెడితే, "తర్వాత తింటానండి" అని పక్కన పెట్టారు. నేను పది నిమిషాలకోసారి మెయిల్ తెరిచి చూస్తున్నాను. పదకొండింటికి ఏమీ లేదు. పన్నెండింటికి కరెంటు పోయింది. రెండు గంటలసేపు చెమటలు తుడుచుకుంటూ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూడకుండా కూర్చున్నాం. నేను బతుకులో అంత పొడుగు రెండు గంటలు చూడలేదు.

కరెంటు వచ్చింది. రాజుగారూ మేడెక్కి వచ్చారు. మోడెం గొంతు సవరించుకుంది. పెట్టె తెరిస్తే పైనే ఉంది, ఏడుకొండలు పేరుతో.

తెలుగులోకి మార్చే ఓపిక ఎవరికీ లేదు. "చదివేయండి మేష్టారూ" అన్నారు రాజుగారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో తెలియని రాత అది. నాలుక తనంతట తాను సరిచేయబోతుంటే పళ్ళు బిగించి, ఉన్నది ఉన్నట్టు చదివాను.

"ఆయ్ అందరికీ నమస్కారం అండి ఆయ్ హైదరాబాద్ బాబుగారికి సాక్ష్యం కావాలంటేనండి సాక్ష్యం మా నుయ్యేనండి వచ్చి ఒక్క గ్లాసు తాగమనండి ఆయ్ మా అమ్మ ఎలాగుంది మోకాలి నొప్పికి నూనె రాత్తందా రాయట్లేదా సత్యవతీ మూడు వారాలైంది నీ జవాబు లేదు కోపవా పెయ్యకి కుడితి గోరెచ్చగా పెట్టు చల్లది పెట్టకు ఆయ్ లారీ సంగతి కిందట కూడా రాసేను నేను అందులో లేను నాకు ఆవేళ జొరం రూములో పడుకున్నాను పోయినోళ్ళు మంచోళ్ళు మా అమ్మకి ఆ మాట చెప్పకు పెయ్యకి చల్లది పెట్టకు చెప్పేనా లేదా..."

అక్కడికి వచ్చేసరికి సత్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకుని ఆగాను. నవ్వుతున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఈయనేనండి. పెయ్య మీద ఉన్న దిగులు పెళ్ళాం మీద ఉండదండి ఈయనకి. చదవండి, చదవండి, ఆపకండి."

మళ్ళీ మొదటినుంచి చదవమన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. ప్రతిసారీ పెయ్య దగ్గరికి వచ్చేసరికి ముందే నవ్వేవారు. రాజుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కిందికి వెళ్ళిపోయారు. నా గుండెల మీదినుంచి బరువు దిగిపోయింది. ఆ బరువు అక్కడ పెట్టింది నేనే కాబట్టి దిగినందుకు సంతోషపడే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా సంతోషపడ్డాను. ఉప్మా చల్లారిపోయి ముద్దయిపోయింది. దాన్నే ఆమె ఆకు నాకినట్టు తిన్నారు.

అడిగింది కాబట్టి

ఆ రాతను అలాగే తెలుగు లిపిలో వేదిక మీద పెట్టాను. కింద నా పేరుతో, కిందటి మూడు వారాలు ఈయన మాటలు మార్చింది నేనని, ఆ రాతలకు వచ్చిన మెప్పు ఆయనది కాదని, అసలు ఆయన మెప్పు అడగనే లేదని రాశాను. హైదరాబాద్ ఆయన వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకే ఒక్క వాక్యం రాశారు: "ఆ నుయ్యి ఎక్కడో చెబితే ఈసారి వచ్చినప్పుడు చూస్తాను." నాకు తెలిసి ఆ చర్చలో అసలు సంగతి మీద పడ్డ మొదటి ప్రశ్న అదే.

అమ్మాయీ, నీ ప్రశ్నకు వస్తాను. తప్పులు పట్టించుకోనక్కరలేదని నేను అనను. సర్వే నంబరు, మందు పేరు, నలుగురూ నమ్మి నడుచుకునే ప్రకటన, వీటిలో తప్పు పోనిస్తే నువ్వు ఆ కుర్చీలో కూర్చోవడం దండగ. చదివేవాడికి బొత్తిగా అర్థం కాకపోతే రాసినవాణ్ణే అడుగు. ఆయన ఒప్పుకుంటే దిద్దు, దిద్దానని పక్కన చెప్పు. నువ్వు కనపడాలి. మా రోజుల మర్యాద అచ్చు కాగితానికి సరిపోయిందేమో గానీ, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట అది దొంగతనం కిందికే వస్తుంది.

ఇంకొకటి. చర్చలో ఎదుటివాడి తప్పులు ఎంచేవాణ్ణి చూస్తే నాకిప్పుడు అనుమానం. జవాబు లేనప్పుడే చాలామందికి భాష గుర్తొస్తుంది. నాకూ అలాగే గుర్తొచ్చేది. చదువుకున్నవాళ్ళం కదా, మనకు ఓడిపోవడం చేతకాదు. భాష బాగా వచ్చినవాడు దాన్ని తన మాట చెప్పుకోవడానికి వాడుకోవాలి గానీ, పక్కవాడి నోరు మూయించడానికి వాడకూడదు. ఇది చెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది, నీకు మూడు నిమిషాల్లో వచ్చేసింది.

ఆ శుక్రవారం సత్యవతి గారు బయలుదేరేటప్పుడు జరిగింది కూడా చెప్పాలి. ఆ రాత కాగితం మీద కావాలన్నారు. "ఒక్క పది నిమిషాలు కూర్చోండమ్మా, తెలుగులో కొట్టి ఇస్తాను. ఇంగ్లీషు అక్షరాలు మీకు రావు కదా" అన్నాను.

"ఆయ్, రావండి" అన్నారు. "అలాగే ఇచ్చేయండి. మా పక్కింటి టీచరమ్మ గారు చదివి పెడతారు."

"మీరు చదువుకోవాలంటే ఎలాగమ్మా?"

నన్ను నొప్పించడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"మీరేవనుకోకండి మేష్టారూ. మీ చెయ్యి పడితే మళ్ళీ ఆయన పోతారేమోనని భయంగా ఉందండి."

ఉన్నది ఉన్నట్టుగా ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చదవలేరు. అయినా మెట్ల మీద నిలబడి మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుని, మడిచి జాకెట్టులో దోపుకుని బస్సు కోసం పరుగెత్తారు.